రాత్రి మబ్బు పట్టిందా? వసంతంలో కొండ వాతావరణం

అక్క: ...ఎర్ర లైటు వెలిగింది, రికార్డవుతోంది. అందరికీ నమస్తే. గుడారం ఇంకా ఆరలేదు, అయినా వచ్చేశాం. వసంతంలో కొండలెక్కేవాళ్లు వాతావరణం ఎలా చూసుకోవాలని చాలామంది అడిగారు కదా, ఈసారి అదే. చలి, గాలి, పిడుగులు, వాగులు. నాలుగు భాగాలుగా రాసుకున్నా.

తమ్ముడు: ఐదోది రాయలేదా?

అక్క: రాయలేదు.

తమ్ముడు: రాత్రి ఆకాశం, అక్కా.

అక్క: వస్తుందిలే, చివర్లో. ముందు చలి. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. లోయలో 15 ఉందంటే 2,000 మీటర్లు పైన 2 డిగ్రీలే. కింద చెట్లు చిగురిస్తుంటాయి, పైన చలికాలం ఇంకా పోలేదు. ఫోర్‌కాస్ట్ చూసేటప్పుడు కింద ఊరిది కాదు, శిఖరం ఎత్తుకి ఇచ్చింది చూడాలి. ఫ్రీజింగ్ లెవెల్, అంటే సున్నా డిగ్రీలు ఏ ఎత్తులో ఉందన్నది, తప్పకుండా చూడాలి.

తమ్ముడు: చూడాలి. కానీ అది గాలి చల్లదనం. మంచు గట్టిగా ఉందో లేదో దాన్నిబట్టి చెప్పలేం.

అక్క: మొదలుపెట్టావా.

తమ్ముడు: వసంతంలో నడిచేవాళ్లకి ఇంతకంటే ముఖ్యమైనది లేదక్కా. పగలు కరిగిన మంచు రాత్రి మళ్లీ గడ్డకట్టిందా లేదా? కడితే తెల్లవారుజామున రాయిలా ఉంటుంది, క్రాంపాన్లు, అంటే బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్లు, వేసుకుని హాయిగా నడవొచ్చు. కట్టకపోతే తొడల దాకా దిగబడతాం. ఏటవాలు మీద అయితే తడి మంచు చరియలు జారతాయి.

అక్క: సరే, వీళ్లకి మొత్తం చెప్పేద్దాం. పోయినేడాది మూడో బండ దగ్గర ఏం జరిగిందో.

తమ్ముడు: అది ఇప్పుడెందుకు?

అక్క: నాకు ఇంకా మనసులో ఉంది కాబట్టి. ఆరు నెలలు ఎదురుచూసిన కొండ అది. మొదటి రోజు తెల్లవారుజామున లేచి చూస్తే థర్మామీటర్ 4 డిగ్రీలు చూపించింది. మంచు మాత్రం గట్టిగా ఉంది, ఆ రోజు పక్క శిఖరం ఎక్కొచ్చాం. రెండో రోజు 1 డిగ్రీ. ఇంకా చల్లగా ఉంది కదా, ఇంకా గట్టిగా ఉండాలి కదా? నేను బూట్లు వేసుకుంటుంటే వీడు బయట నిలబడి, "వెనక్కి వెళ్దాం" అన్నాడు. అంతే. ఒక్క మాట.

తమ్ముడు: కర్ర గుచ్చి చూశాక అన్నాను. పిడి దాకా దిగింది.

అక్క: 1 డిగ్రీలో మెత్తగా, 4 డిగ్రీల్లో గట్టిగా ఎలా ఉంటుందిరా? ఏడాదిగా అడుగుతున్నా, ఒక్కసారీ నాకు నచ్చేలా చెప్పలేదు.

తమ్ముడు: ఇప్పుడు చెప్తా, ఆపకుండా విను. మంచు పైపొర గాలికి మాత్రమే చల్లబడదు, తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. కంటికి తెల్లగా కనిపిస్తుంది కానీ, ఇన్‌ఫ్రారెడ్ వేడిని వదలడంలో దాదాపు నల్లటి వస్తువులా ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ వేడి పైకి పోతూనే ఉంటుంది. అందుకే గాలి 3, 4 డిగ్రీలు ఉన్నా పైపొర సున్నా కిందికి దిగి గడ్డకడుతుంది. గాలి పొడిగా ఉంటే ఇంకా బాగా. మొదటి రాత్రి మనం నక్షత్రాలు చూశాం, గుర్తుందా?

అక్క: ఉంది. చాలాసేపు కూర్చున్నాం.

తమ్ముడు: రెండో రాత్రి ఒక్క చుక్క కనబడలేదు. మన తల పైన, తక్కువ ఎత్తులోనే దట్టంగా మబ్బు. మంచు వదిలిన వేడిలో చాలావరకు మబ్బు మళ్లీ కిందికే పంపేస్తుంది. గాలి 1 డిగ్రీ ఉన్నా, మంచులోని నీరు గడ్డకట్టాలంటే బోలెడంత వేడి బయటికి పోవాలి. ఒక కిలో నీరు సున్నా దగ్గర గడ్డకట్టేటప్పుడు వదిలే వేడితో ఇంకో కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచొచ్చు. మబ్బు కింద అంత వేడి ఒక్క రాత్రిలో ఎక్కడికి పోతుంది?

అక్క: ...ఆ 80 లెక్క నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు.

తమ్ముడు: చెప్పనిచ్చావా?

అక్క: సరే, సైన్సు ఒప్పుకున్నా. కానీ ఆ రోజు ఇంకో ముగ్గురు వెళ్లారు. మధ్యాహ్నానికి క్షేమంగా దిగొచ్చారు. మనమూ రెండు గంటలు ముందే బయల్దేరి, ఎండ రాకముందే దిగేసేవాళ్లం.

తమ్ముడు: ఎండ రాకముందే దిగడమన్నది మంచు గట్టిపడిన రోజుకి పనికొచ్చే లెక్క. అప్పుడు మనకి కొంత సమయం ఉంటుంది. తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, తర్వాత పడమర. దాన్నిబట్టి దారి వేసుకుంటాం. గడ్డే కట్టని రోజున ఆ సమయం ఉండదు, మధ్యాహ్నం మంచు ఎలా ఉంటుందో తెల్లారకముందే అలా ఉంటుంది. ఇక వాళ్లు క్షేమంగా వచ్చారంటే నాకూ సంతోషమే. కానీ వాళ్లు తిరిగొచ్చారు కాబట్టి వాలు బాగుందని ఎలా అనుకుంటాం? ఆ రోజు జారలేదు, అంతే.

అక్క: నువ్వు చెప్పింది తప్పని అనట్లేదురా. నాకు బాధ కలిగింది వేరే దానికి.

తమ్ముడు: దేనికి?

అక్క: కర్ర నువ్వు గుచ్చావు, చూసింది నువ్వు. నిర్ణయం కూడా నువ్వే తీసేసుకున్నావు. నన్ను పిలిచి "అక్కా, ఇటు రా, నువ్వూ గుచ్చి చూడు" అని ఉంటే నేనే వెనక్కి వెళ్దామనేదాన్ని. నీకంటే ఎనిమిదేళ్ల ముందు నుంచి కొండలెక్కుతున్నా.

తమ్ముడు: ...

అక్క: చెప్పరా.

తమ్ముడు: భయమేసిందక్కా. కర్ర అలా దిగిపోయేసరికి ఇంకేం ఆలోచించలేదు. నిన్ను పిలవాల్సింది. తప్పే.

అక్క: సరేలే. ఇప్పుడు చెప్పావుగా. మంచినీళ్లు తాగు.

తమ్ముడు: ఇదంతా ఉంచుతావా?

అక్క: ఉంచుతా. ఇద్దరు కలిసి వెళ్లినప్పుడు ఇది కూడా వినాల్సిన సంగతే. ఇక మిగతావి గబగబా చెప్పేద్దాం. గాలి. దాని వేగం రెండింతలైతే మన మీద పడే తోపు నాలుగింతలవుతుంది. సున్నా డిగ్రీల్లో గంటకి 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 7 ఉన్నట్టు అనిపిస్తుంది. శిఖరాల మధ్య కనుమ దగ్గర గాలి ఇంకా ఇరుకై వేగం పెరుగుతుంది. చెమట పట్టిన చొక్కాతో అక్కడ ఆగి ఫొటోలు తీసుకోవద్దు. ముందే, అంటే గాలి మొదలవకముందే, జాకెట్ వేసుకోవాలి.

తమ్ముడు: గాలి రాత్రిపూట వీచినా మంచు మీద ప్రభావం ఉంటుంది. వెచ్చటి గాలి వీస్తూ ఉంటే పైపొర అంతగా చల్లబడదు. అందుకే...

అక్క: రాత్రి దగ్గరికే వచ్చావు మళ్లీ.

తమ్ముడు: వచ్చా.

అక్క: పిడుగులు. వసంతంలో ఎండకి నేల వేడెక్కుతుంది, పైన గాలి ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ తేడా వల్ల ఉదయం చిన్నగా ఉన్న తెల్లమబ్బు మధ్యాహ్నానికి గోపురంలా పెరుగుతుంది. పొద్దున పదింటికే మబ్బులు వెడల్పు కంటే ఎత్తు ఎక్కువగా పెరుగుతున్నాయంటే దిగడం మొదలుపెట్టాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి, మూడు సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు. ముప్పై లోపు వచ్చిందంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. శిఖరం మీదా, గట్టు మీదా, ఒంటరి చెట్టు కిందా ఉండొద్దు.

తమ్ముడు: వాగులు నేను చెప్తా. పొద్దున మోకాలి లోతున్న వాగు సాయంత్రానికి నడుము దాకా రావొచ్చు, పగలంతా పైన కరిగింది అప్పటికి కిందికి చేరుతుంది కాబట్టి. తిరుగు దారిలో దాటాల్సిన వాగు ఏ సమయానికి వస్తుందో ఇంటి దగ్గరే లెక్క వేసుకోవాలి. వాగు మీద మంచు కప్పి ఉంటే దాని మీద నుంచి నడవొద్దు, అడుగున నీరు తొలిచేసి ఉంటుంది. రాత్రి గడ్డకట్టకపోతే వాగు పొద్దున కూడా తగ్గదు. చూశావా, అది కూడా...

అక్క: మళ్లీ రాత్రే! ఇంకొకటి మర్చిపోయా, మంచు చూరు. కార్నిస్ అంటారే, అది. శిఖరం అంచు నుంచి గాలి వెళ్లే వైపు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పైనుంచి చూస్తే నేలలాగే ఉంటుంది. విరిగితే మనం అనుకున్న చోటు కంటే చాలా వెనక్కి విరుగుతుంది. అంచుకి బాగా దూరంగా, గాలి వచ్చే వైపు నడవాలి. దాని కింద కూడా వెళ్లొద్దు, ఎండెక్కాక అస్సలు వద్దు. కళ్లద్దాలు కూడా చెప్పాలి. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది, మబ్బు ఉన్నా...

తమ్ముడు: అక్కా, శనివారం మనం వెళ్లేదానికి ఫోర్‌కాస్ట్ వచ్చింది. ఫోన్లో చూడు.

అక్క: ఫ్రీజింగ్ లెవెల్ 2,600. మనం ఎక్కేది 2,400 దాకా. గాలి 20. మధ్యాహ్నం జల్లులు. శుక్రవారం రాత్రి...

తమ్ముడు: మబ్బు ఎంత?

అక్క: పదకొండు దాకా మబ్బు, తర్వాత విడిపోతుందట.

తమ్ముడు: పదకొండు నుంచి తెల్లారేదాకా... ఆరు గంటలు. సరిపోతుందంటావా?

అక్క: నువ్వేమంటావు?

తమ్ముడు: నిన్నే అడుగుతున్నా.

అక్క: రెండింటికి లేచి కర్ర గుచ్చి చూద్దాం. నేను ఒక చోట, నువ్వు ఒక చోట.

తమ్ముడు: రెండింటికి వద్దు, మూడున్నర. చలి ఎక్కువయ్యేది తెల్లారబోయే ముందే.

అక్క: మూడు.

తమ్ముడు: మూడున్నర అక్కా, ఆ అరగంటలో పైపొర ఇంకా...

అక్క: ఒరేయ్, బ్యాటరీ ఎర్రగా వస్తోంది. ఆ తీగ అందుకో, అక్కడే, గుడారం కింద...