కొల్లేరు ప్లస్ 5 నుంచి ప్లస్ 3: చేపల చెరువుల బిల్లు ఎవరి ఖాతాలో?

(గంటసేపు సాగిన స్టూడియో చర్చలో ముఖ్యమైన భాగం ఇది. ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట దొరికింది దొరికినట్టు రాశాం. పాల్గొన్నవారు పేర్లు వద్దన్నారు కాబట్టి హోదాలే ఇస్తున్నాం. సంఘం అంటే చేపల చెరువుల వాళ్ల సంఘం.)

వ్యాఖ్యాత: నమస్కారం. కొల్లేరు అభయారణ్యం హద్దును ప్లస్ 5 కాంటూరు నుంచి ప్లస్ 3కి దించి, ఆ మేర చేపల చెరువులకు వదలాలన్న డిమాండ్ మళ్లీ రాజుకుంది. నేను మాత్రం చిన్న ప్రశ్నతో మొదలుపెడతా. చుట్టూ కాలవలు, చెరువులు, పక్కనే కొల్లేరు. అయినా పొద్దున్నే ఇంటి ముందుకు ఆటోలో ఇరవై లీటర్ల వాటర్ డబ్బా రావాల్సిందే. ఆ డబ్బా డబ్బులు ఎవరు కట్టాలి? ఒక్కొక్కరికీ రెండేసి నిమిషాలు. అందరికీ సమానమే. ముందు మేడమ్ గారు.

పరిశోధకురాలు: హద్దు సంగతి ముందు చెప్పేస్తానండి. 1999లో జీవో 120తో ప్లస్ 5 వరకు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. ప్లస్ 3 చేస్తే మిగిలేది 135 చదరపు కిలోమీటర్లు. అంటే సగానికి పైగా...

సంఘం నాయకుడు: ప్రకటించే ముందు మమ్మల్ని అడిగారా మేడమ్?

పరిశోధకురాలు: నన్ను పూర్తి చేయనివ్వండి.

సంఘం నాయకుడు: లేదండి, అక్కడే తేలిపోవాలి. 1970ల్లో ప్రభుత్వమే మాకు మత్స్యకార సహకార సొసైటీలు పెట్టించింది. చెరువులు తవ్వించి, చేపలు పెంచుకుని బాగుపడండి అంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని అదే ప్రభుత్వం మందుగుండు పెట్టి మా గట్లు పేల్చింది. ఏది తప్పు? తవ్వించడమా, పేల్చడమా? 2008లో ప్లస్ 3 చేయమని అసెంబ్లీ తీర్మానం చేసింది. అసెంబ్లీ మాటకు కూడా విలువ లేదా?

పరిశోధకురాలు: తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించొద్దనే...

సంఘం నాయకుడు: కమిటీ వాళ్లు కొల్లేటి లంకల్లో ఒక వానాకాలం ఉన్నారా అండి?

(ఇక్కడ సుమారు అర నిమిషం మాటలు కలిసిపోయాయి. ‘గూడబాతులు’ (పెలికాన్ పక్షులు) అన్నది మాత్రం రెండుసార్లు వినిపించింది.)

వ్యాఖ్యాత: సార్, మీరు ప్రభుత్వంలోనే చేశారు. డబ్బా సంగతి మీరు చెప్పండి.

విశ్రాంత అధికారి: డబ్బా కంటే ముందు ఒక మాట. సొసైటీలకు ఇచ్చింది నిజం. కానీ తర్వాత్తర్వాత జరిగిందేమిటి? కాగితం మీద పేరు కొల్లేటి మత్స్యకారుడిది. లీజు పేరుతో చెరువు చేసింది ఇంకొకరు. వలలు లాగే మనిషి కూలికి మిగిలాడు.

సంఘం నాయకుడు: మీ సర్వీసులో ఎన్ని లీజులు రద్దు చేశారు?

విశ్రాంత అధికారి: నా చేతిలో లేదు కదా అది...

సంఘం నాయకుడు: అదీ సంగతి. చేతిలో ఉన్నప్పుడు సంతకాలు, రిటైరయ్యాక నీతులు.

వ్యాఖ్యాత: వ్యక్తిగతం వద్దు, వద్దు. మేడమ్, సమాజం మీద పడే ఖర్చు అంటున్నారు కదా. లెక్క కట్టినవాళ్లు ఉన్నారా?

పరిశోధకురాలు: ఉన్నారండి. 1996 డిసెంబరులో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ కేసులో నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ, చెరువుల మీద వచ్చే ఆదాయం కంటే వాటివల్ల జరిగే నష్టమే ఎక్కువని కోర్టుకు చెప్పింది. పాడైన తాగునీరు, చౌడుబారిన భూమి, పోయిన ఉపాధి, అన్నీ లెక్కలోకి తీసుకుని. పాడుచేసినవాడే కట్టాలని కోర్టు అంది.

వ్యాఖ్యాత: అందులో వాటర్ డబ్బా ఉందా?

పరిశోధకురాలు: డబ్బా అని లేదండి, తాగునీరు ఉంది.

వ్యాఖ్యాత: అదే, అదే నేనంటున్నది.

సంఘం నాయకుడు: అది సముద్రం పక్కన ఉప్పునీటి రొయ్యల కేసండీ. మాది మంచినీటి చేప. శీలావతి, బొచ్చె. మేం వేసేది తవుడు. ఎవరిదో శిక్ష మాకేస్తారేం?

పరిశోధకురాలు: ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు కొల్లేరు చుట్టూ వనామి రొయ్య లేదంటారా?

సంఘం నాయకుడు: కొందరు వేస్తున్నారు. దాని సంగతి తర్వాత.

(ఆ ‘తర్వాత’ చివరిదాకా రాలేదు.)

పరిశోధకురాలు: కరెంటు చూడండి. ఆక్వా రైతుకు యూనిట్ రూపాయిన్నరకు ఇవ్వాలని నిర్ణయించారు. మిగతాది ప్రజల డబ్బే కదా? చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా...

సంఘం నాయకుడు: వరికి 2004 నుంచి కరెంటు పూర్తిగా ఫ్రీ. అది ఎవరి డబ్బు మేడమ్? వరిలో యూరియా వేయరా? పురుగుమందు కొట్టరా? ఆ డ్రెయిన్లన్నీ దిగేది కొల్లేట్లోకే. ఏలూరు మురుగు మాకే. బుడమేరు మోసుకొచ్చే బెజవాడ మురుగు మాకే. అందరూ మా మీద ఒంపి, చివరికి మురికి చేసింది మీరే అంటారు. ఇదెక్కడి న్యాయం?

(ఇది బలమైన మాట. దీనికి ఎవరైనా నేరుగా జవాబు చెబితే బాగుండేది. వ్యాఖ్యాత ఏలూరు పేరు పట్టుకున్నాడు.)

వ్యాఖ్యాత: ఏలూరు అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. 2020 డిసెంబరులో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోయారు. అది నీళ్ల వల్లే కదా?

విశ్రాంత అధికారి: రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ అంది. పురుగుమందుల అవశేషాలు కావచ్చని కూడా నిపుణులు చెప్పారు. దానికీ చెరువులకూ ముడిపెట్టడం...

సంఘం నాయకుడు: చూశారా, పురుగుమందు! నేనన్నదదే. చేప కాదు.

పరిశోధకురాలు: చేప అని ఎవరూ అనలేదండి.

వ్యాఖ్యాత: లైన్లో ఒక ప్రేక్షకుడు ఉన్నారు. చెప్పండి.

ఫోన్‌లో: నమస్తే సార్. ప్లస్ 3 చేస్తే రూప్‌చంద్ చేప రేటు తగ్గుద్దా అండి?

సంఘం నాయకుడు: తగ్గుద్దండి. కచ్చితంగా.

విశ్రాంత అధికారి: అలా చెప్పలేం. మన చేప లారీల్లో ఐసు వేసుకుని హౌరా, అస్సాం పోతుంది. అక్కడి మార్కెట్టును బట్టి...

వ్యాఖ్యాత: థాంక్యూ సార్. రైతుగారూ, చాలాసేపటి నుంచి మౌనంగా ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి వైపు నుంచి వచ్చారు, వరి రైతు. మీ ఇంటికి డబ్బా వస్తుందా?

వరి రైతు: వత్తాదండి. కానీ నేను చేను సంగతి చెబుదామని వచ్చాను. మా గట్టు మీద నిలబడితే ఇటు నా వరి, అటు రొయ్యల చెరువు. దాళ్వా నాట్లు పడి మూడు వారాలైంది. గట్టు పక్క మళ్లలో ఆకు కొసలు ఎర్రబడినాయి. మొదట్లో పురుగనుకుని మందు కొట్టాను. అబ్బే. పొద్దున్నే మడిలో దిగి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా తగిలింది. ఊటండి. రాత్రి అటు ఇంజను ఆడితే, తెల్లారేసరికి ఇటు మడి చెమరుస్తాది.

విశ్రాంత అధికారి: చెరువుకీ చేనుకీ మధ్య జాగా వదలాలని రూల్ ఉంది.

వరి రైతు: రూల్ ఉందండి. జాగా లేదు. మొదటి ఏడు రెండు మళ్లు పోయినాయి, రెండో ఏడు ఐదు. మూడో ఏడు ఆ చెరువాయనే ఇంటికొచ్చాడు. మర్యాదగానే వచ్చాడు. ‘ఎందుకీ అవస్థ, నాకు కౌలుకిచ్చెయ్, వరి మీద వచ్చేదానికి రెండింతలు ఇస్తా’ అన్నాడు. చేను పాడుచేసినవాడే ఎక్కువ ధర చెబుతున్నాడు. ఇవ్వకపోతే చౌడు. ఇస్తే నా పక్కోడికి ఊట. మా చేలో నాట్లకొచ్చే ఆడవాళ్లు పన్నెండు మంది. చెరువైతే ఒక్క కాపలా మనిషి చాలు. మిగతావాళ్లు...

వ్యాఖ్యాత: చాలా బాధాకరం. అంటే మీరు కూడా నెలకు ఎన్ని డబ్బాలు...

సంఘం నాయకుడు: రైతుగారి కష్టం నాకు తెలుసు. కానీ అది కొల్లేరు కాదు. కొల్లేట్లో వరి ఎప్పుడు వేసినా మునిగేదే. అందుకే చెరువు. ఆ నేలకు చేపే పంట.

పరిశోధకురాలు: ఆ నేలకు నీళ్లే పంట! వరద వస్తే పట్టుకుని, మెల్లగా ఉప్పుటేరు గుండా సముద్రంలోకి వదలడం దాని పని. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ అక్కడికే చేరాలి. మధ్యలో గట్లు కడితే నీళ్లు ఎక్కడ నిలబడాలి? 2024 సెప్టెంబరు వరదప్పుడు లంక ఊళ్లలో...

సంఘం నాయకుడు: విజయవాడ మునిగింది బుడమేరుకు గండ్లు పడి! సింగ్‌నగర్ ఎక్కడ, కొల్లేరు ఎక్కడ? అది కూడా మా ఖాతాలోనేనా?

పరిశోధకురాలు: విజయవాడ మీ వల్ల మునిగిందని నేననలేదు. లంకల్లో నీరు ఎందుకు తీయడం లేదని అడుగుతున్నాను.

సంఘం నాయకుడు: ఉప్పుటేరు పూడిక తీయండి, తీస్తుంది. ఎన్నేళ్ల నుంచి అడుగుతున్నాం? రెగ్యులేటర్ కట్టండి, గుర్రపుడెక్క ఏరండి. అవేమీ చేయరు. పేదోడి గట్టు మాత్రం కనపడుద్ది.

వ్యాఖ్యాత: ఇది పాయింటే మేడమ్. పూడిక ఎందుకు తీయడం లేదు?

పరిశోధకురాలు: తీయమనే మేమూ అంటున్నాం. కానీ ప్లస్ 5 ఉంచి తీయాలి. రెండూ...

వ్యాఖ్యాత: అంటే ఒప్పుకున్నట్టే.

పరిశోధకురాలు: దేనికి ఒప్పుకున్నానండి?

(నవ్వులు. ఈ నవ్వులో ఆమె లేరు.)

వ్యాఖ్యాత: టైం అయిపోవస్తోంది. చివరిగా సంఘం నాయకుడు గారు, సూటిగా చెప్పండి. డబ్బా డబ్బులు ఎవరు కట్టాలి?

సంఘం నాయకుడు: నేనూ డబ్బా నీళ్లే తాగుతున్నానండి! మా చెరువు గట్టు మీద షెడ్డులో కూడా డబ్బానే. మాకేమన్నా సరదానా? ప్రభుత్వం గోదావరి నీళ్లు పైపుల్లో ఇవ్వాలి. ప్లస్ 3 చేయాలి. జిరాయితీ భూములకు పరిహారం ఇవ్వాలి. ఇవి చేయకుండా పక్షులు, పర్యావరణం అంటే...

(దీని తర్వాత ఆయన రెండు నిమిషాల పది సెకన్లు మాట్లాడారు. పైన చెప్పినవే. పరిశోధకురాలు మొత్తం కార్యక్రమంలో ఒక్కసారి కూడా అంతసేపు ఏకబిగిన మాట్లాడలేదు.)

వరి రైతు: బాబూ, ఆ నాట్ల ఆడవాళ్ల సంగతి సగంలో...

వ్యాఖ్యాత: దాని మీద ప్రత్యేకంగా ఇంకో కార్యక్రమం చేద్దాం రైతుగారూ. అన్ని పక్షాల వాదనలూ విన్నాం. నమస్కారం.

(టైటిల్ సంగీతం. మైకులు ఇంకా ఆపలేదు.)

సంఘం నాయకుడు: ఏమండీ రైతుగారూ, ఆ చెరువాయన ఎకరానికి ఎంతిస్తానన్నాడు?