పని ఇవ్వని ‘పని హక్కు’
(మిషిగన్‌లో లేబర్ డే నాడు తెలుగువారి పిక్నిక్‌లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. రిటైర్మెంట్‌కు డబ్బు ఎలా దాచుకోవాలో ఐదు నిమిషాలు చెప్పమన్నారు కమిటీవాళ్లు. అది నాకంటే మీ ఐటీ పిల్లలకే బాగా తెలుసు. ఇవాళ లేబర్ డే. ఫ్యాక్టరీలో రేకులు అచ్చొత్తే ప్రెస్ షాపులో ఇరవై రెండేళ్లు చేసినవాణ్ణి, నా గోడు వినండి.

2012 డిసెంబరులో ఇక్కడ ‘రైట్ టు వర్క్’, అంటే ‘పని హక్కు’ చట్టం చేశారు. ఫోన్‌లో చెబితే మా అన్నయ్య ఎంత సంతోషించాడో! మాది అనంతపురం. 2006లో ఉపాధి హామీ మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే. పని హక్కంటే ఏడాదికి వంద రోజుల పని అనుకున్నాడు పాపం. ఈ చట్టం ఒక్క రోజు పని కూడా ఇవ్వదు. యూనియన్‌కు డబ్బు కట్టి తీరాలని కంపెనీ, యూనియన్ చేసుకునే అగ్రిమెంటులో రాసుకోకూడదంటుంది, అంతే. కట్టనివాడి తరఫున కూడా యూనియన్ వాదించాల్సిందే. మెయింటెనెన్స్ ఎగ్గొట్టినవాడూ అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎక్కుతాడు చూడండి, అలాగ.

మా అగ్రిమెంటు మారగానే పక్క మెషీన్ కుర్రాడు చందా మానేశాడు. నెలకు రెండు గంటల జీతం. పాప డేకేర్‌కే చాలడం లేదన్నాడు. ఏమంటాం? మన నాయకులూ తక్కువ తినలేదు. ఆటో వర్కర్ల యూనియన్ మాజీ అధ్యక్షులు ఇద్దరు ఆ తర్వాత చందా డబ్బు కేసులో జైలుకే వెళ్లారు.

ఆర్నెల్లకు ఆ కుర్రాడి మెషీన్‌లో డై, అంటే రేకును నొక్కే అచ్చు, పగిలింది. తప్పు అతనిదేనని ఉద్యోగం తీసేశారు. షాపులో యూనియన్ తరఫున వాదించే స్టీవార్డును నేనే. మెయింటెనెన్స్ గదిలో పాత కాగితాలన్నీ తిరగేస్తే నూనె మరకలతో ఒక చీటీ దొరికింది. సెన్సార్ పనిచేయడం లేదని నాలుగు రోజుల ముందే అతను రాసిచ్చింది. అది బల్ల మీద పెట్టాను. హెచ్ఆర్ ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది. ఉద్యోగం వచ్చింది, ఆగిన జీతమూ వచ్చింది.

ఎవరండీ ఆ వెనక నవ్వుతున్నది? మీ ఆఫీసులో రేపు మెయిల్ పెట్టి పొమ్మంటే, మీ చీటీ వెతికేదెవరు? చెప్పండి!

మన మిషిగన్ చట్టాన్ని 2023లో రద్దు చేశారు, రద్దు మరుసటి ఫిబ్రవరి నుంచి అమలు. టెక్సాస్, జార్జియా సహా 26 రాష్ట్రాల్లో ఇలాంటి చట్టం ఇంకా ఉంది. మీ చుట్టాలు సగంమంది అక్కడే కదా, అడగండి.

ఆ కుర్రాడా? మర్నాడు డోనట్ల డబ్బా తెచ్చాడు. రెండు తిన్నాను. చందా ఫారం ఇస్తే జేబులో పెట్టుకున్నాడు. నేను రిటైరయ్యేదాకా ఆ జేబులోంచి అది బయటికి రాలేదు. సరే, పులిహోర చల్లారుతోందట, వెళ్దాం పదండి.