పాత డీవీడీ ప్లేయర్ నుంచి పనికొచ్చే పార్టులు తీయడం

నమస్కారం. ఈ రోజు బల్ల మీద ఉన్నది ఇదిగో, ఇది. డిస్కు చదవడం మానేసిన పాత డీవీడీ ప్లేయర్. దీన్ని బాగుచేయడం లేదు, ఇందులోంచి పార్టులు తీస్తున్నాం. ముందుగా ఒక్కసారి ఆన్ చేస్తాను. రిమోట్ నొక్కాను, ముందు ప్యానెల్ వెలిగింది, చూశారా? ట్రే బయటికి వచ్చింది, మళ్లీ లోపలికి వెళ్లింది. అంటే పవర్ బోర్డు పనిచేస్తోంది, ట్రే మోటారు పనిచేస్తోంది, రిమోట్ రిసీవర్ పనిచేస్తోంది. ఇవన్నీ విప్పకముందే తెలిసిపోయాయి. విప్పిన తర్వాత ఏది మంచిదో ఏది చెడిపోయిందో పట్టుకోవడం చాలా కష్టం. అందుకే ప్లగ్గు తీయకముందే ఈ పరీక్ష చేయండి.

సరే, ఇప్పుడు ప్లగ్గు తీసేశాను. వెనక మూడు స్క్రూలు, పక్కలకు రెండేసి. తీసేశాను. మూత వెనక్కి లాగి పైకెత్తాలి, అంతే. స్క్రూలన్నీ ఈ అయస్కాంతం ఉన్న పళ్లెంలో వేస్తాను. ఇలాంటి పళ్లెం ఒకటి తెచ్చుకోండి, బల్ల కింద స్క్రూలు వెతుక్కునే పని తప్పుతుంది.

ఇక్కడ మాత్రం ఆగండి. ఇది పవర్ బోర్డు. దీని మీద ఇదిగో, ఈ లావు డబ్బా లాంటిది, 400 వోల్టులు అని రాసి ఉంది చూడండి, ఇది పెద్ద కెపాసిటర్, కరెంటును కొంతసేపు దాచుకునే పార్టు. 230 వోల్టుల కరెంటు వచ్చేచోట ఇందులో సుమారు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది. ప్లగ్గు తీసినా కొంతసేపు ఉండిపోవచ్చు. కొందరు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి కాళ్లు రెండూ కలుపుతారు. దయచేసి అలా చేయకండి. నిప్పురవ్వ లేస్తుంది, బోర్డూ పాడవుతుంది. పది కిలో ఓమ్‌ల, ఐదు వాట్ల రెసిస్టర్, అంటే కరెంటు పోటును తగ్గించే పార్టు, ఒకటి తీసుకుని, పట్టుకునే చోటంతా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో, ఇలా రెండు కాళ్లకూ తగిలించి పది సెకన్లు ఉంచండి. తర్వాత మల్టీమీటర్‌తో డీసీ వోల్టులు చూడండి. ఒక వోల్టు కూడా లేదు. ఇప్పుడు చెయ్యి పెట్టవచ్చు.

ఇంకొక మాట. ఈ పద్ధతి డీవీడీ ప్లేయర్‌కు, రేడియోకు సరిపోతుంది. మైక్రోవేవ్ ఓవెన్, పాత గాజు గొట్టం టీవీ మాత్రం విప్పకండి. ఓవెన్ కెపాసిటర్‌లో వేల వోల్టులుంటాయి, ఆ టీవీ గొట్టంలో అయితే ఇరవై వేలు కూడా దాటవచ్చు. నేను వాటిని ముట్టుకోను.

ఇక ఏవి తీయాలి, ఏవి వదిలేయాలి? రెసిస్టర్లు వదిలేస్తాను, తీసే శ్రమకు ఫలితం లేదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, అంటే లోపల ద్రవం ఉండే డబ్బా లాంటివి, కూడా వదిలేస్తాను, ఏళ్ల తరబడి వేడికి లోపల ఎండిపోతాయి. పవర్ బోర్డును ముక్కలు చేయను, మొత్తంగా ఉంచుకుంటాను. కనెక్టర్ దగ్గర 5వి, 12వి అని అచ్చు వేసి ఉంది చూడండి. దాన్ని మళ్లీ వాడితే మూత ఉన్న పెట్టెలోనే వాడాలి, తెరిచి వదలకూడదు. ట్రే మోటారును పళ్ల చక్రాలతో, బెల్టుతో సహా తీస్తాను. లేజర్ భాగం పక్కన పెట్టేశాను. దానికి కరెంటు ఇచ్చి లోపలికి చూడకండి. సీడీలు చదివే లేజర్ 780 నానోమీటర్లది, కంటికి దాదాపు కనబడదు, అయినా కంటికి హాని చేస్తుంది.

నాకు నిజంగా కావలసింది ఇది. ముందు ప్యానెల్ మీద, మూడు కాళ్లు, నల్లటి చిన్న గుండు. రిమోట్ రిసీవర్. ఇంత చిన్నదానిలోనే వెలుతురును పట్టే డయోడ్, దాని సంకేతాన్ని పెంచే ఆంప్లిఫయర్, వడపోత అన్నీ ఉన్నాయి. చాలా రిమోట్లు సెకనుకు 38 వేల సార్లు మిణుకుతాయి. ఇది అలా మిణికే వెలుగుకే స్పందిస్తుంది, కిటికీలోంచి వచ్చే ఎండను పట్టించుకోదు. ఎంత అందమైన పనితనం!

తీయకముందే ఒక పని. మూడు కాళ్లలో ఏది ఏదో కంపెనీని బట్టి మారుతుంది. బోర్డు నుంచి తీసేశాక చెప్పేవాళ్లెవరూ ఉండరు. బోర్డు మీద ఉండగా అయితే బోర్డే చెబుతుంది. దగ్గరగా చూపిస్తాను. ఇక్కడ జీఎన్‌డీ, అంటే మైనస్; ఇక్కడ వీసీసీ, అంటే ప్లస్; ఇక్కడ ఔట్, అంటే సంకేతం బయటికి వచ్చే కాలు. ఫోనుతో ఫొటో తీసుకున్నాను. మీరూ తీసుకోండి.

ఇప్పుడు సోల్డర్ తీయడం, అంటే కాళ్లను బోర్డుకు అతికించిన లోహాన్ని కరిగించి తీయడం. ఇక్కడ నిదానంగా వెళదాం, ఎందుకంటే నేను చాలాకాలం దెబ్బతిన్నది ఇక్కడే. మొదట్లో సోల్డరింగ్ ఐరన్ పెట్టేవాణ్ణి, సోల్డర్ కరిగేది కాదు, ఇంకా వేడి పెంచేవాణ్ణి, ఇంకాసేపు అదిమేవాణ్ణి. అలా ఒక మంచి యూఎస్‌బీ సాకెట్‌లో ప్లాస్టిక్ మెత్తబడి కాళ్లు లోపలికి జరిగిపోయాయి. తప్పు వేడి తక్కువై కాదు, వేడి అందక. ఫ్యాక్టరీలో వేసినది చాలావరకు సీసం లేని సోల్డర్. 2006 జూలైలో యూరప్‌లో సీసం మీద పరిమితి వచ్చాక తయారైన వస్తువుల్లో అదే ఎక్కువ. అది కరగడానికి సుమారు 217 డిగ్రీలు కావాలి. పైగా ఎండిపోయిన పాత సోల్డర్ మీద ఐరన్ మొన ఒక్క చుక్క మేరకే ఆనుతుంది. అందులోనూ జీఎన్‌డీ కాలు వెడల్పాటి రాగి పొరకు కలిసి ఉంటుంది, మనమిచ్చే వేడినంతా ఆ రాగి లాగేసుకుంటుంది.

అందుకని తీయడానికి ముందు వేయాలి. అవును, కొత్త సోల్డర్ వేయాలి. ఇదిగో, 63/37 సీసం సోల్డర్, అంటే 63 శాతం తగరం, 37 శాతం సీసం, 183 డిగ్రీలకే కరుగుతుంది. కాలి మీద ఐరన్ పెట్టాను, కొత్త సోల్డర్ తగిలించాను, చూడండి, చూడండి, పాతదీ కొత్తదీ కలిసి మెరిసింది. ఆ మెరుపు కనిపించిందంటే లోపలిదాకా కరిగినట్టే. ఇప్పుడు కరిగిన సోల్డర్‌ను పీల్చే పంపు ఆనించి బటన్ నొక్కాను. టక్. రంధ్రం ఖాళీ. రెండో కాలు, అలాగే. టక్. మూడోది జీఎన్‌డీ, దీనికి ఇంకొంచెం సోల్డర్, ఇంకో రెండు సెకన్లు. టక్. కాలును కొంచెం కదిపి చూస్తాను, కదులుతోంది. కదలకపోతే లాగకండి, మళ్లీ సోల్డర్ వేసి మళ్లీ మొదలుపెట్టండి. మొన మాత్రం సన్నటిది వద్దు, ఇలా ఉలిలా వెడల్పుగా ఉన్నదే నేను వాడతాను. కిటికీ తెరిచి ఉంచండి, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

వచ్చేసింది. పరీక్షిద్దాం. మూడు ఏఏ సెల్లులు, నాలుగున్నర వోల్టులు. ప్లస్ వీసీసీకి, మైనస్ జీఎన్‌డీకి. ఎల్ఈడీ పొడుగు కాలు ప్లస్‌కు, పొట్టి కాలు నుంచి ఒక కిలో ఓమ్ రెసిస్టర్, అక్కడినుంచి ఔట్‌కు. మామూలుగా ఔట్‌లో వోల్టేజి ఎక్కువగా ఉంటుంది, సంకేతం వచ్చినప్పుడు కిందికి దిగుతుంది, అందుకే ఎల్ఈడీని ఇలా ప్లస్ వైపు నుంచి కలిపాను.

లైటు ఆర్పాను. రిమోట్ నొక్కుతున్నాను. అదిగో, మిణుకుతోంది! వాల్యూమ్ నొక్కితే ఇలా, అంకె నొక్కితే ఇలా. ఆ ప్లేయర్ రిమోటే కానక్కర్లేదు, ఇది ఏసీ రిమోట్, దీనికీ మిణుకుతోంది.

ఇప్పుడు టేపు ముక్క మీద కాళ్ల వరుస రాస్తున్నాను: ఔట్, జీఎన్‌డీ, వీసీసీ. గుండు మన వైపు ఉన్నప్పుడు, ఎడమ నుంచి. అతికించాను, ఈ చిన్న డబ్బాలో పెట్టాను. తర్వాతి వీడియోలో ఇదే రిసీవర్‌తో బల్ల దీపాన్ని రిమోట్‌తో వెలిగిద్దాం.