మాట్లాడే బదరీనాథుడి రాజ్యం
(టెహ్రీ గఢ్వాల్ సంస్థానం గురించి ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ముందుగా ఒక్క ప్రశ్న. మీలో బదరీనాథ్ వెళ్లొచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, దాదాపు సగం మంది! మన తెలుగువాళ్లకు కాశీ తర్వాత బదరీయే కదా. నేనూ మా అమ్మను తీసుకుని వెళ్లాను. హృషీకేశ్‌లో ఆంధ్రా ఆశ్రమంలో దిగి, మర్నాడు చీకటితోనే బస్సెక్కాం. దేవప్రయాగ దాటాక అలకనంద మీద కీర్తినగర్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ వంతెన దాటితే శ్రీనగర్. కాశ్మీరు శ్రీనగర్ వేరు, ఇది గఢ్వాల్ శ్రీనగర్. ఆ వంతెన దాటేటప్పుడు బస్సంతా నిద్రలో ఉంది. నేను కూడా. వాకిలి దాటినంత తేలిగ్గా ఒక రాజ్యపు సరిహద్దు దాటేశానని చాలా ఏళ్లకుగానీ నాకు తెలియలేదు. ఇవాళ చెప్పబోయేది ఆ రాజ్యం సంగతి. పేరు టెహ్రీ గఢ్వాల్.

ఈ రాజ్యం ఒక ఓటమిలోంచి పుట్టింది. గఢ్వాల్‌ను వందల ఏళ్లుగా పఁవార్ వంశపు రాజులు ఏలుతున్నారు. రాజధాని అలకనంద ఒడ్డున శ్రీనగర్. 1803లో పెద్ద భూకంపం వచ్చి ఆ ఊరు కూలిపోయింది. ఇళ్లు పోయి జనం బయట పడుకుంటున్న రోజుల్లోనే నేపాల్ నుంచి గోర్ఖా సైన్యం దండెత్తింది. ప్రద్యుమ్న షా రాజు కొండ దిగి, దొరికినంత సైన్యాన్ని కూడగట్టుకుని తిరగబడ్డాడు. 1804లో డెహ్రాడూన్ దగ్గర ఖుర్‌బురా మైదానంలో చనిపోయాడు. ఆ తర్వాతి పదకొండేళ్ల గోర్ఖా పాలనను అక్కడివాళ్లు ‘గోర్ఖ్యాణీ’ అంటారు. అన్యాయం జరిగినప్పుడు వాడే మాటగా అది జనం నోళ్లలో మిగిలిపోయింది. పన్ను కట్టలేని కొండవాళ్లను హరిద్వార్ తీసుకొచ్చి బానిసలుగా అమ్మేవారు. మనం గంగలో మునిగి పుణ్యం మూటగట్టుకునే ఊళ్లోనే ఆ బేరాలు జరిగాయి.

ప్రద్యుమ్న షా కొడుకు సుదర్శన్ షా ఆ పదకొండేళ్లూ కంపెనీవాళ్ల నీడలో తలదాచుకున్నాడు. 1815లో కంపెనీ సైన్యం గోర్ఖాలను ఓడించింది. అయితే రాజ్యం మొత్తం తిరిగి ఇవ్వలేదు. అలకనంద, మందాకిని నదులకు తూర్పున ఉన్నదంతా కంపెనీ ఉంచుకుంది. డెహ్రాడూన్ కూడా ఇవ్వలేదు. పడమటి కొండలు మాత్రం రాజుకు వదిలింది. యుద్ధం ఖర్చు చెల్లించలేకే రాజు ఒప్పుకున్నాడని అంటారు. శ్రీనగర్ నదికి అవతలి గట్టున ఉంది. అంటే తాతల నాటి రాజధాని కళ్లెదుటే ఉంది, కానీ తనది కాదు! అందుకే సుదర్శన్ షా లోపలికి, భాగీరథిలో భిలంగన నది కలిసే చోటికి వెళ్లి, 1815 చివర్లో కొత్త రాజధాని కట్టుకున్నాడు. అదే టెహ్రీ. కొన్ని గుడిసెలున్న పల్లె అది. మూడు పాపాలను హరించే చోటు కాబట్టి ‘త్రిహరి’ అన్న పేరే టెహ్రీ అయిందని స్థానికులు చెబుతారు.

ఈ పంపకంలో ఒక విచిత్రం ఉంది, గమనించండి. యమునోత్రి, గంగోత్రి రాజు వైపు వచ్చాయి. కేదారం, బదరీ కంపెనీ వైపు పోయాయి. అయినా బదరీనాథుడి గుడి మీద పెద్దరికం మాత్రం టెహ్రీ రాజుదే. ఎందుకంటే గఢ్వాల్ ప్రజల నమ్మకం ప్రకారం ఆ రాజు మామూలు రాజు కాడు. ‘బోలాందా బద్రి’, అంటే మాట్లాడే బదరీనాథుడు. గుడిలో ఉన్న స్వామి పలకడు, గద్దె మీద ఉన్న స్వామి పలుకుతాడు. యాత్రకు వెళ్లే ముందు రాజును దర్శించుకుంటే బదరీ దర్శనంతో సమానమని భావించినవాళ్లున్నారు.

ఆ నమ్మకంలోంచే ఒక గొప్ప ఆచారం పుట్టింది. ఇవాళ నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి అదే. దాని పేరు ‘ఢండక్’. ఒక అధికారి బాధలు పెడుతున్నాడనుకోండి. పన్ను ఎక్కువ లాగుతున్నాడు, వెట్టి చేయిస్తున్నాడు. ఊళ్లవాళ్లు పనులు ఆపేస్తారు. డప్పులు కొట్టుకుంటూ కొండ మీద ఒకచోట చేరతారు. ఆ అధికారి మాట వినం అంటారు. కదిలి రాజధానికి వెళ్లి రాజు ముందు కూర్చుంటారు. రాజు బయటికొచ్చి వినాలి. విని ఆ అధికారిని తీసెయ్యాలి. ఇది తిరుగుబాటని ఎవరూ అనుకోరు. తప్పు రాజుది కాదు, మధ్యవాళ్లది. స్వామికి తెలిస్తే ఊరుకోడు అన్నది వాళ్ల లెక్క. రాజు కూడా దీన్ని రాజద్రోహంగా చూడకూడదు, అది అతని ధర్మం. రాతలో లేని చట్టం ఇది. చదువు రాని రైతులు తమ రాజును కట్టడి చేసుకున్న ఈ పద్ధతిని తలుచుకుంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

మరి చిక్కు ఎక్కడొచ్చింది? అడవి దగ్గర.

ఫ్రెడరిక్ విల్సన్ అనే ఇంగ్లీషువాడు వేటకొచ్చి గంగోత్రి దారిలోని హర్సిల్‌లో స్థిరపడ్డాడు. మొదట కస్తూరి, తోళ్ల వ్యాపారం చేశాడు. తర్వాత రాజు దగ్గర దేవదారు అడవుల్ని కౌలుకు పుచ్చుకున్నాడు. అప్పుడే మన దేశంలో రైలు పట్టాలు పడుతున్నాయి. పట్టాల కింద వేసే స్లీపర్లకు దేవదారు కర్రను మించింది లేదు, చెదలు పట్టదు, నీళ్లకు నానదు. చెట్టు నరికి, దుంగ కోసి, నదిలోకి జార్చేవారు. నది దాన్ని మైదానాలకు మోసుకొచ్చేది. కూలీ లేని రవాణా! విల్సన్ ఎంత ఎదిగాడంటే సొంతంగా నాణేలు కొట్టించాడు, అక్కడి జనం అవి వాడారు కూడా. 1864లో ఇంగ్లీషు ప్రభుత్వం తానే ఆ అడవుల్ని 20 ఏళ్ల కౌలుకు తీసుకుంది. ఇరవై ఏళ్లు గడిచేసరికి రాజుకు ఒక సంగతి బాగా అర్థమైంది. కొండ చేలల్లో పండే మండువా, ఝంగోరా మీద శిస్తు ఎంత? ఒక్క దేవదారు విలువ ఎంత? ఆ చిన్న సంస్థానానికి అడవే ఖజానా అయింది.

మండువా అంటే మన రాగులే. ఝంగోరా మన ఊదల్లాంటిది. ఆ రైతుకు అడవి అంటే ఏమిటో మనకు తేలిగ్గానే తెలుస్తుంది. చేనుకు ఎరువు కావాలంటే సింధూర చెట్టు ఆకు కావాలి, పశువుకు మేత కావాలి, పొయ్యిలోకి పుల్ల కావాలి, నాగలికి కర్ర కావాలి. అన్నీ అడవే ఇవ్వాలి. దాని చుట్టూ దర్బారు గీత గీసింది. 1906 డిసెంబరులో చంద్రబదనీ అమ్మవారి గుడి చుట్టుపక్కల అడవిని కొలవడానికి అధికారులు వెళితే 200 మంది దాకా కర్రలతో వచ్చి తరిమారు. కీర్తి షా కాలం అది. ఇంగ్లీషు చదువు చదివిన రాజు, బ్రిటిష్‌వాళ్ల మెప్పు పొందినవాడు. విక్టోరియా రాణి అరవై ఏళ్ల పాలన ఉత్సవానికి 1897లో టెహ్రీ నడిబొడ్డున గడియార స్తంభం కట్టించాడు. ఇక్కడో చిన్న మాట: ఈ రాజులకు ఊళ్లు కట్టే సరదా ఎక్కువ. ప్రతాప్ షా ప్రతాప్‌నగర్, కీర్తి షా కీర్తినగర్, నరేంద్ర షా నరేంద్రనగర్. ఈ చివరిది హృషీకేశ్‌కు 16 కిలోమీటర్ల దూరంలో, మైదానానికి దగ్గరగా ఉంది. 1920ల్లో దర్బారు అక్కడికి మారింది. దీంతో ఎగువ యమున లోయలో ఉన్న రైతుకు రాజు వాకిలి ఇంకా దూరమైంది.

ఆ యమున లోయ పేరు రవాయీ. యమునోత్రికి వెళ్లినవాళ్లు బడ్‌కోట్ ఊరు చూసే ఉంటారు, అదే ప్రాంతం. 1920ల చివర్లో అక్కడ కొత్తగా అడవి హద్దులు వేశారు. దిమ్మెలు పాతుకుంటూ పశువుల కొట్టాల దాకా వచ్చారు. ‘మరి మా పశువుల్ని ఎక్కడ మేపుకోవాలి’ అని అడిగితే కొండ మీంచి తోసెయ్యమన్నారట. ఈ మాట అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. రైతులు పాత పద్ధతిలోనే ఢండక్‌కు దిగారు. తమ పంచాయతీ తామే పెట్టుకున్నారు. రాజుకు చెప్పుకుందామని చూశారు. రాజు నరేంద్ర షా యూరప్‌లో ఉన్నాడు. ఊళ్లో ఉన్నది దివాను చక్రధర్ జుయాల్.

1930 మే 30. యమున ఒడ్డున తిలాడీ అనే మైదానంలో రైతులు సభ కట్టారు. దివాను పంపిన సైన్యం వచ్చి కాల్పులు జరిపింది. వెనక నది, ముందు తుపాకులు. ప్రాణం దక్కించుకోవడానికి యమునలో దూకినవాళ్లున్నారు, వాళ్లను నది తీసుకుపోయింది. చనిపోయినవాళ్ల సంఖ్య దర్బారు చెప్పింది వేరు, రవాయీ జనం చెప్పింది వేరు, రెండింటికీ పొంతన లేదు. సరిగ్గా 37 రోజుల ముందు, ఏప్రిల్ 23న పెషావర్‌లో ఏం జరిగిందో గుర్తుందా? నిరాయుధులైన పఠాన్ల మీద కాల్చమంటే చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయనతోటి గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు కాల్చం అన్నారు, జైలుకు వెళ్లారు. పరాయి ఊళ్లో పరాయి జనం మీద తుపాకి ఎత్తమన్న ఆ గఢ్వాలీల నేల మీదే సొంత జనం పడిపోయారు. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూసిన ప్రతిసారీ నా మనసు కలత పడుతుంది.

రాజు యూరప్ నుంచి తిరిగొచ్చాడు. పాత ధర్మం ప్రకారమైతే దివాన్ని తీసెయ్యాలి. తీయలేదు. నా దృష్టిలో టెహ్రీ సంస్థానం 1949లో ముగిసిందని చెప్పడం కాగితం లెక్క. అది ముగిసింది ఆ రోజు. మాట్లాడే దేవుడు వినడం మానేసిన రోజు.

అయినా ప్రజలు వెంటనే నమ్మకం వదులుకోలేదు. శ్రీదేవ్ సుమన్ సంగతే చూడండి. జౌల్ అనే పల్లెలో పుట్టిన కుర్రాడు. 1939లో డెహ్రాడూన్‌లో పుట్టిన టెహ్రీ రాజ్య ప్రజామండల్ అనే ప్రజల సంఘానికి ప్రాణం పోసినవాడు. రాజును దింపెయ్యమని ఆయన అడగలేదు. రాజు నీడలోనే ప్రజలకు బాధ్యత వహించే పాలన కావాలన్నాడు. 1943 డిసెంబరు చివర్లో టెహ్రీ జైల్లో వేశారు. కాళ్లకు సంకెళ్లు, 35 సేర్ల బరువని చెబుతారు. రాజద్రోహం కింద రెండేళ్ల శిక్ష పడింది. 1944 మే 3న నిరాహార దీక్ష మొదలుపెట్టాడు. కోరికలు మూడు. ప్రజామండల్‌ను గుర్తించాలి. ఉత్తరాలు రాసుకోనివ్వాలి. మూడోది వినండి: తన కేసు అప్పీలును రాజు స్వయంగా వినాలి. అంత జరిగాక కూడా, సంకెళ్లలో ఉండి కూడా, ఆయన అడిగింది ఢండక్ రైతు అడిగిందే! 84 రోజులు పస్తున్నాడు. జులై 25న ప్రాణం పోయింది. ఇంకా ముప్పై ఏళ్లు నిండలేదు. ఇంట్లోవాళ్లకు కబురైనా చెయ్యకుండా, రాత్రికి రాత్రి శవాన్ని కంబళిలో చుట్టి భిలంగన నదిలో పడేశారు.

ఇక 1948 జనవరి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అయిదు నెలలైంది. సక్లానా ప్రాంతం అప్పటికే సొంత పంచాయతీ పెట్టేసుకుంది. కీర్తినగర్‌లో జనం సర్కారు ఆఫీసును పట్టుకున్నారు. 11వ తేదీన నాగేంద్ర సక్లానీ, మోలూ భరదారీ అనే ఇద్దరు ఉద్యమకారుల్ని రాజు మనుషులు కాల్చి చంపారు. జనం ఆ రెండు శవాలను భుజాల మీద ఎత్తుకుని కొండదారుల్లో ఊరూరా నడిచి టెహ్రీకి బయలుదేరారు. మన ఊళ్లలో భోగి మంటలు వేసుకునే రోజులవి. దారి పొడుగునా జనం కలుస్తూనే ఉన్నారు. టెహ్రీలో రాజు సిపాయిలు చేతులెత్తేశారు. జనం ఆ ఇద్దరినీ నదుల సంగమంలో దహనం చేశారు. కబురు తెలిసి కొత్త రాజు మానవేంద్ర షా నరేంద్రనగర్ నుంచి కారులో వచ్చాడు. భాగీరథి వంతెన దగ్గర జనం అడ్డంగా నిలబడ్డారు, ఊళ్లోకి రానివ్వలేదు. రాజు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఏళ్ల తరబడి రాజు వాకిట్లో కూర్చుని పిలిచిన జనం, ఆఖరికి రాజే వచ్చిన రోజున దారివ్వలేదు. 1949 ఆగస్టు 1న టెహ్రీ యునైటెడ్ ప్రావిన్సెస్‌లో, అంటే తర్వాతి ఉత్తరప్రదేశ్‌లో, ఒక జిల్లాగా కలిసిపోయింది.

మీరు మళ్లీ బదరీ వెళితే కీర్తినగర్ వంతెన దగ్గర దయచేసి మేలుకుని ఉండండి. పక్కసీటులోవాళ్లను కూడా లేపండి.

ఇంతటితో రాజును మరిచిపోయారా అంటే, లేదు. అదే మానవేంద్ర షాను అక్కడి ఓటర్లు ఎనిమిది సార్లు లోక్‌సభకు పంపారు. ఇప్పటికీ వసంత పంచమి నాడు నరేంద్రనగర్ ప్యాలెస్‌లోనే రాజు జాతకం చూసి బదరీనాథ్ తలుపులు తెరిచే ముహూర్తం చెబుతారు. స్వామి అభిషేకానికి నువ్వుల నూనె కావాలి. రాజకుటుంబం స్త్రీలు, ఊళ్లోని ముత్తైదువలు పసుపు బట్టలు కట్టుకుని, మరలు ముట్టకుండా, చేత్తో ఆ నూనె తీస్తారు. దాన్ని నింపిన కుండను ‘గాడూ ఘడా’ అంటారు. డిమ్రీ పూజారులు ఊరేగింపుగా కొండ మీదికి తీసుకెళతారు. మీరు బదరీలో చూసిన స్వామి ఒంటి మీది మెరుపు ఆ నూనెదే. జనం వదులుకున్నది రాజు అధికారాన్ని, ఆ నూనె కుండను మాత్రం వదులుకోలేదు. నాకు ఇందులో తప్పు కనిపించదు.

టెహ్రీ ఊరు మాత్రం ఇప్పుడు లేదు. 260 మీటర్ల ఎత్తున ఆనకట్ట కట్టి, 2005 అక్టోబరు చివర్లో నదిని మళ్లించిన సొరంగం మూసేశారు. గడియార స్తంభం, సంగమం, దహనం చేసిన ఒడ్డు, అన్నీ నీళ్లలోకి పోయాయి. ఆ ఆనకట్ట వద్దని ఏళ్ల తరబడి దీక్షలు చేసిన సుందర్‌లాల్ బహుగుణ పదమూడేళ్ల వయసులో సుమన్‌ను కలిసి ఆయన బాట పట్టినవాడే. వేసవిలో నీటిమట్టం బాగా తగ్గితే పాత రాజమహల్ గోడలు కొన్ని పైకి తేలతాయి. అప్పుడు పాత ఊరివాళ్లు పడవల్లో వచ్చి, ఫలానా చోట మా వీధి, ఫలానా చోట మా బడి అని పిల్లలకు చూపిస్తారు.

సుమన్ సంకెళ్లు మాత్రం మునగలేదు. వాటిని పైన కట్టిన కొత్త టెహ్రీ జైలుకు తరలించారు. ఏటా జులై 25న ఆ జైలు తలుపులు మామూలు జనానికి తెరుస్తారు. వరసలో నిలబడి ఆ ఇనుమును చూసి, దండం పెట్టి వెళతారు.

ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.