సీపాప్ పెట్టుకుంటే నోరెండిపోతోందా? ముందు గాలి ఎటు పోతోందో చూడండి

నమస్కారమండీ. సీపాప్ అంటే నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపే మెషిన్. రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది. నాలుక అంగిటికి అతుక్కుపోయి ఉంటుంది. గుటక వేద్దామంటే గొంతులో ఇసుక పోసినట్టుంటుంది. పక్కనున్న సీసాడు నీళ్ళూ తాగేసి, మాస్కు పీకి అవతల పెట్టి పడుకుంటాం. పొద్దున్నే ఇంట్లోవాళ్ళు "రాత్రి మళ్ళీ గురక మొదలెట్టారు" అంటారు. సీపాప్ వాడేవాళ్ళలో చాలామందికి ఇది తెలిసిన కథే. నాకు మొదటి నెలంతా ఇలాగే గడిచింది. మెషిన్ అమ్మినాయనకు ఫోన్ చేస్తే "హ్యుమిడిటీ పెంచండి సార్" అన్నాడు. అంటే గాలిలో తడి ఎంత ఉండాలో చెప్పే అంకె. పెంచాను. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదికి వెళ్ళిన రాత్రి ట్యూబులోంచి ముక్కులోకి చన్నీళ్ళు చిమ్మాయి, ఉలిక్కిపడి లేచాను. నోరు మాత్రం ఎప్పట్లాగే పిడచకట్టుకుపోయి ఉంది!

అందుకే ఇవాళ ఆ బటన్ జోలికి చివర్లో వెళ్దాం. ముందు గాలి సంగతి చూద్దాం.

ఇదుగోండి, నేను మొదట్లో వాడిన మాస్కు. ముక్కు మీద మాత్రమే కూర్చుంటుంది. ఇది పెట్టుకుని మాట్లాడలేను కాబట్టి ఏం చేస్తానో ముందే చెప్తాను. మెషిన్ ఆన్ చేసి, నోరు మూసుకుని నాలుగైదుసార్లు ఊపిరి తీసుకుంటాను. తర్వాత పెదాలు కాస్త విడదీసి, నోటి ముందు ఈ టిష్యూ కాగితం పట్టుకుంటాను. కాగితాన్నే చూస్తూ ఉండండి.

చూశారుగా, ఎలా కొట్టుకుందో! నేను ఊదలేదండీ. ముక్కులోంచి వచ్చిన గాలి గొంతు దాకా వెళ్ళి, అట్నుంచి అటే నోట్లోంచి బయటికొచ్చేసింది. నిద్రలో దవడ జారి నోరు తెరుచుకుంటే రాత్రంతా జరిగేది ఇదే. టేబుల్ ఫ్యాన్ ముందు తడి గుడ్డ పెట్టినట్టు, తెల్లారేసరికి నాలుక, గొంతు ఎండిపోక ఏం చేస్తాయి? దీనికి తోడు, గొంతు మూసుకుపోకుండా పట్టి ఉంచాల్సిన ఒత్తిడి కూడా ఆ దారినే పోతుంది. మాస్కు పెట్టుకునే ఉన్నా గురక తిరిగొస్తుంది.

ఇక్కడ ముక్కు గురించి ఒక్క మాట. ముక్కు మనం పీల్చే గాలిని వెచ్చబరిచి, తడిచేసి లోపలికి పంపిస్తుంది. వదిలేటప్పుడు ఆ తడిలో కొంత వెనక్కి తీసుకుంటుంది. గాలి ముక్కులోంచి వచ్చి నోట్లోంచి పోతుంటే ఆ తడి ముక్కుకు తిరిగి రాదు. లోపలి పొర ఎండి, వాచి, ముక్కు బిగుసుకుంటుంది. ముక్కు బిగిస్తే నోరు ఇంకా తెరుచుకుంటుంది. హ్యుమిడిటీ పెంచినా నాకు తేడా రాకపోవడానికి కారణం ఇదే. అడుగున చిల్లున్న బిందెలో నీళ్ళు పోస్తూ కూర్చున్నాను.

మీకూ నోట్లోంచి లీకవుతోందా లేదా అన్నది తెలుసుకోవడం తేలికే. పొద్దున మెషిన్ తెరమీద లీక్ అంకె చూడండి. నా మెషిన్‌లో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ లీకైనట్టు లెక్క. కానీ ఈ అంకెను పక్కింటాయన మెషిన్‌తో పోల్చకండి. మాస్కుకుండే సన్నటి రంధ్రాల్లోంచి కావాలనే వదిలే గాలిని కూడా కొన్ని కంపెనీలు కలిపి చూపిస్తాయి. అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి పక్కన పడుకునే మనిషి. మా ఆవిడ అర్ధరాత్రి టార్చి వేసి చూసి, "పెదాలు పుస్సు పుస్సుమంటున్నాయండీ" అని చెప్పేదాకా నా నోరు తెరుచుకుంటోందంటే నేనే ఒప్పుకోలేదు.

నోరు తెరుచుకుంటోందని తేలితే, ముందు ముక్కు సంగతి చూడాలి. ముక్కు పట్టేసి ఉన్న మనిషికి ఏ మాస్కు పెట్టినా సుఖం ఉండదు. పడుకునే ముందు సెలైన్ స్ప్రే కొట్టుకోవచ్చు. జలనేతి, అంటే ముక్కులో నీళ్ళు పోసి కడుక్కోవడం, అలవాటున్నవాళ్ళు మరిగించి చల్లార్చిన నీళ్ళే వాడండి, కుళాయి నీళ్ళు వద్దు. ముక్కు దూలం వంకరో, ఎలర్జీయో ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. మెడికల్ షాపులో దొరుకుతాయే, వెయ్యగానే ముక్కు టక్కున తెరుచుకునే చుక్కలు, వాటిని రోజూ వాడితే కొన్నాళ్ళకు ముక్కు మునుపటికన్నా ఎక్కువ బిగుస్తుంది. జాగ్రత్త.

ఆ తర్వాత మాస్కు. గడ్డం కింద కట్టే పట్టీ ఒకటి ఉంటుంది, దవడ జారకుండా. కొందరికి సరిపోతుంది. నాకు దవడ ఆగింది గానీ పెదాల సందులోంచి గాలి పోతూనే ఉంది. చివరికి ముక్కునూ నోటినీ కలిపి కప్పే ఈ ఫుల్ ఫేస్ మాస్కుకు మారాను. నోటికి టేపు వేసుకోమని సలహాలిస్తుంటారు. నేనైతే వేసుకోను, మీకూ చెప్పను. నిద్రలో ముక్కు మూసుకుపోయినా, వాంతి వచ్చినా ఆ టేపుతో ప్రమాదం.

ఫుల్ ఫేస్ మాస్కు బిగించేటప్పుడు అందరం ఒకే తప్పు చేస్తాం. మంచం మీద కూర్చుని, మెషిన్ ఆపి ఉంచి, పట్టీలు గట్టిగా లాగేస్తాం. పడుకోగానే ముఖం ఆకారం మారుతుంది, గాలి వస్తుంది, అంచులు లేస్తాయి. అందుకే ఇలా వెల్లకిలా పడుకోండి. మెషిన్ ఆన్ చేయండి. రెండు వేళ్ళతో మాస్కును ముఖం మీంచి కొద్దిగా పైకెత్తి, మళ్ళీ మెల్లగా వదలండి. సిలికాన్ అంచు గాలికి ఉబ్బి, తనే సర్దుకుంటుంది. ఇప్పుడు పట్టీలు రెండు పక్కలా సమానంగా, లీక్ ఆగేంతవరకే బిగించాలి. మరీ బిగిస్తే ఆ అంచు నలిగి లీక్ ఇంకా పెరుగుతుంది. ఇంకో సంగతండీ, గుబురు మీసాలున్నవాళ్ళు వాటిని కాస్త కత్తిరించుకోక తప్పదు. నాకూ బాధే అనిపించింది. ముఖానికి నూనె, క్రీము ఉంటే కడుక్కుని పెట్టుకోండి, లేకపోతే మాస్కు జారుతుంది.

ప్రెషర్ మాత్రం సొంతంగా మార్చకండి. ఈ మెషిన్లు మామూలుగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాకా ఇస్తాయి. మీకు ఎంత కావాలో పరీక్ష చేసి డాక్టరు పెట్టిన లెక్క అది. ఎక్కువగా ఉందనిపిస్తే ఆయనకే చెప్పండి.

సరే, ఇప్పుడు హ్యుమిడిఫయర్, అంటే నీళ్ళు వేడిచేసి గాలికి తడి చేర్చే భాగం. దగ్గరగా చూపిస్తున్నా చూడండి, ఇదీ నీళ్ళ డబ్బా. ఈ గీత దాటి పోయకూడదు. మా పాత డబ్బా అడుగున ఈ తెల్లటి పొర కనిపిస్తోందా? నెల రోజులు బోరు నీళ్ళు పోసిన ఫలితం. డిస్టిల్డ్ వాటర్ పోయండి, క్యాన్లలో దొరుకుతుంది. బ్యాటరీ నీళ్ళు కూడా అదే కదా అంటారు. కాదండీ, అవి ఊపిరితిత్తుల్లోకి పీల్చడానికి చేసినవి కావు. పొద్దున్నే డబ్బాలో నీళ్ళు ఎంత తగ్గాయో చూసుకోండి. రాత్రి పోసినవి పోసినట్టే ఉంటే హీటర్ పనిచేయడం లేదేమో చూసుకోండి.

అంకె ఎంత పెట్టాలంటే, మూడో నాలుగో దగ్గర మొదలుపెట్టి, రెండు రాత్రులకొకసారి ఒక్కొక్కటే పెంచండి. ట్యూబులో గడగడ మోగితే ఎక్కువైందన్నమాట. ఏసీ గదిలో ట్యూబు చల్లబడి లోపల ఆవిరి నీరైపోతుంది. అప్పుడు మెషిన్‌ను మంచం కన్నా కిందకి పెట్టి, ట్యూబును దుప్పటి లోపలి నుంచి తీసుకోండి. వేడి చేసే ట్యూబు కొనుక్కుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఒకే అంకె ఏడాదంతా సరిపోదు. జులైలో విజయవాడలో ఉన్నప్పుడు నాకు మూడు చాలు, డిసెంబరులో హైదరాబాద్‌లో ఐదు కావాలి. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిపే రాత్రి హీటర్ ఆపేస్తాను. ఎక్కువ కరెంటు తాగేది అదే. ఆ రాత్రి కొంచెం నోరెండుతుంది, టెన్షన్ పడక్కర్లేదు.

ఇవన్నీ చేసినా, లీక్ లేకపోయినా, పగలు కూడా నోరెండుతోందా? అయితే అది మెషిన్ తప్పు కాకపోవచ్చు. షుగర్ అదుపులో లేకపోయినా, బీపీకి ఇచ్చే, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర, ఎలర్జీ మాత్ర, డిప్రెషన్ మాత్ర వల్లా ఇలా అవుతుంది. మందులు మీరే ఆపేయకుండా ఆ చీటీ తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి. పళ్ళ డాక్టరుకూ చెప్పండి, లాలాజలం తగ్గితే పళ్ళు తొందరగా పుచ్చుతాయి.

ఇక ఈ డబ్బా కడిగి చూపించి ఆపేస్తాను. రోజూ మిగిలిన నీళ్ళు పారబోసి, కొద్దిగా సబ్బు నీళ్ళతో ఇలా కడిగి, నీడలో బోర్లించాలి. వారానికోసారి ఒక వంతు వెనిగర్, పది వంతుల నీళ్ళు కలిపి నానబెట్టి, బాగా జాడించాలి. మొదటిసారి నేను సరిగ్గా జాడించలేదు. ఆ రాత్రంతా పచ్చడి జాడీలో ముక్కు పెట్టి పడుకున్నట్టయింది.