కాండం కోస్తే కుటుంబం తెలుస్తుందా?

హోస్ట్: మేడమ్, ఇంటర్‌లో కాండం అంటే మాకు రెండే బొమ్మలు. ద్విదళబీజమైన పొద్దుతిరుగుడులో నాళికాపుంజాలు, అంటే నీటినీ ఆహారాన్నీ మోసే నాళాల కట్టలు, వలయంగా ఉంటాయి, ఏకదళబీజమైన మొక్కజొన్నలో చెల్లాచెదురుగా ఉంటాయి. అంతేనా?

లెక్చరర్: అక్కడితో ఆపేస్తే అసలు మజా అంతా పోతుందండీ. తోటకూర కాడ తీసుకోండి. అది ద్విదళబీజ మొక్కే. అడ్డంగా కోసి చూస్తే మాత్రం మధ్యలో దవ్వలో కూడా పుంజాలు కనిపిస్తాయి. పిల్లలకి ఆ స్లైడ్ ఇస్తే చాలామంది ఏకదళబీజం అని రాసేస్తారు.

హోస్ట్: మరి తేడా ఎలా పట్టుకోవాలి?

లెక్చరర్: ముదిరిన కాడ చూడాలి. తోటకూరలో బయటివైపు కాంబియం, అంటే కొత్త కణాలు పుట్టించే పొర, పనిచేసి కాండం లావెక్కుతుంది. మొక్కజొన్న పుంజంలో కాంబియమే లేదు, పైగా ఒక్కో పుంజం చుట్టూ గట్టి కణాల తొడుగు ఉంటుంది. బీట్‌రూట్ కోస్తే వలయాలు కనిపిస్తాయి కదా, అదీ తోటకూర కుటుంబమే. అక్కడ వేరులో కాంబియాలు ఒకదాని బయట ఒకటి పుట్టుకొస్తాయి.

హోస్ట్: మీకు బాగా ఇష్టమైన కాండం?

లెక్చరర్: గుమ్మడి తీగ! బయట ఐదు గట్లు, లోపల బోలు. పది పుంజాలు, ఐదేసి చొప్పున రెండు వరసల్లో. ఆహారాన్ని మోసే పోషక కణజాలం, అదే ఫ్లోయమ్, నీటిని మోసే దారువుకి బయటా లోపలా రెండువైపులా ఉంటుంది. అందులో ఆహారం పారే చాలనీ నాళాలు ఎంత పెద్దవంటే, కాలేజీ మైక్రోస్కోప్‌లోనే వాటి మధ్యన ఉండే చిల్లుల అడ్డుగోడలు, అదే జల్లెడ పలకలు, చూడొచ్చు. తీగ తెంపగానే రసం బొట్లుగా ఊరుతుంది, గమనించారా? అందులో ఈ నాళాల నుంచి వచ్చేదీ ఉంటుంది.

హోస్ట్: అయితే ఫ్లోయమ్ రెండువైపులా ఉంటే గుమ్మడి కుటుంబం అని రాసేయొచ్చు.

లెక్చరర్: తొందరపడకండి. టమాటా, వంకాయ కాండాల్లో కూడా లోపలివైపు ఫ్లోయమ్ ఉంది. జామలో ఉంది, జిల్లేడులో ఉంది. ఇవేవీ గుమ్మడికి దగ్గరి చుట్టాలు కావు. కానీ అదే లక్షణం, వంకాయ కుటుంబాన్ని స్నాప్‌డ్రాగన్ లాంటి మొక్కల నుంచి వేరు చేయడానికి భలే పనికొస్తుంది. జిల్లేడైతే లోపలి ఫ్లోయమ్‌తో పాటు పాల నాళాలు కూడా చూపిస్తుంది. అందుకే ఒక్క గుర్తు పట్టుకుని కుటుంబం పేరు చెప్పేయడం నాకు అస్సలు నచ్చదు.

హోస్ట్: తులసి కాండం నాలుగు పలకలుగా ఉంటుంది కదా, అదైనా నమ్మొచ్చా?

లెక్చరర్: లేత కొమ్మ వేళ్ల మధ్య తిప్పితే పలకలు తెలుస్తాయి. ఆ నాలుగు మూలల్లో స్థూలకోణ కణజాలం, అంటే గోడలు మూలల్లో మందంగా ఉన్న కణాల గుంపు, ఉండి బలాన్నిస్తుంది. అయితే నలుపలకల కాండం వేరే కుటుంబాల్లోనూ ఉంది. ఆకుల అమరిక, పువ్వు కూడా చూడాల్సిందే.

హోస్ట్: ఇంట్లో కోసి చూడాలంటే?

లెక్చరర్: కొత్త బ్లేడు తీసుకోండి. కాడని క్యారెట్ ముక్క చీలికలో బిగించి, తడి ఆరనివ్వకుండా పలచగా కోయండి. రెండు మొక్కల్ని పోల్చేటప్పుడు రెండింటిలోనూ కొస నుంచి ఒకే లెక్కన కణుపులు దిగి కోయాలి. లేతది ఒకటి, ముదురుది ఒకటి పక్కపక్కన పెట్టుకుంటే మీకు కనిపించేది వయసు తేడా, కుటుంబం తేడా కాదు.