ఒక అంకె తప్పిపోతే: మైక్రోకంట్రోలర్‌లో సీరియల్ డేటాను నమ్మకంగా అందుకోవడం

(విజయనగరంలో ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీ ప్రాజెక్టుల జాబితా చూశాను. నీటిమట్టం, జీపీఎస్, తూకం యంత్రం, ఎనర్జీ మీటర్. పేర్లు వేరైనా వీటన్నిటిలో పని ఒకటే. ఏదో ఒక పరికరం సీరియల్ లైను మీద, అంటే ఒకే తీగ మీద ఒక బిట్ తర్వాత ఒకటిగా, అంకెలు పంపుతుంది, మీ మైక్రోకంట్రోలర్ బోర్డు వాటిని అందుకోవాలి. ఈ పూట ఆ అందుకోవడం గురించే మాట్లాడతాను.

నాగావళిని తీసుకుందాం. వాన ఒడిశా కొండల్లో కురుస్తుంది, వరద శ్రీకాకుళం ఊళ్లోకి వస్తుంది. వంతెన దగ్గర ఒక సెన్సర్ పెట్టాం అనుకోండి. సెకనుకోసారి నీటిమట్టాన్ని మిల్లీమీటర్లలో ఒక లైనుగా పంపుతుంది. 3350 అని పంపింది, అంటే మూడున్నర మీటర్లకు కాస్త తక్కువ. దారిలో ఒక 3 పోయింది. మీ బోర్డుకు అందింది 350, మూర పొడవు కూడా లేని నీళ్లు. ఇందులో ఎర్రర్ అని ఎక్కడా రాసి ఉండదు. 350 కూడా చక్కటి సంఖ్యే. ప్రోగ్రాం దాన్ని తీసుకుంటుంది, సర్వర్‌కు పంపుతుంది, ఎవరో ఒకరు దాన్ని చూసి ఏటి ఒడ్డున ఉన్నవాళ్లకు భయం లేదని చెబుతారు. డేటా అసలు రాకపోతే ఫోన్ చేసి అడుగుతారు. తప్పు డేటా వస్తే ఎవరూ అడగరు. అందుకని రిసీవర్ రాసేటప్పుడు నేను ముందు చూసేది బైట్లు ఎలా చదవాలన్నది కాదు. ఏదైనా పోయినప్పుడు, పోయిందన్న సంగతి మన బోర్డుకు ఎలా తెలుస్తుందన్నది.

ముందు ఆ అంకె ఎక్కడ పోయిందో వెతుకుదాం. లెక్క తేలికే. 9600 బాడ్ దగ్గర, అంటే సెకనుకు 9600 బిట్ల వేగంలో, ఒక బిట్‌కు 104 మైక్రోసెకన్లు పడుతుంది. స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు, స్టాప్ బిట్ కలిపి పది. అంటే ఒక బైట్‌కు దాదాపు ఒక మిల్లీసెకను. 115200 దగ్గరైతే 87 మైక్రోసెకన్లే. ఈ లెక్క మీకు నోటికి రావాలి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

మీలో చాలామంది వాడే ఆర్డుయినో ఊనోలో ఉన్నది ఏటీమెగా 328పీ చిప్. అందులోని హార్డ్‌వేర్ యూఆర్ట్, అంటే సీరియల్ బిట్లను అందుకుని బైట్లుగా కూర్చే భాగం, రెండు బైట్లను దాచిపెట్టుకోగలదు. మూడోది షిఫ్ట్ రిజిస్టర్‌లో, అంటే వస్తున్న బిట్లు చేరే చోట, ఉంటుంది. ఆలోపు ఎవరూ చదవకపోతే నాలుగో బైట్ స్టార్ట్ బిట్ రాగానే ఆ మూడోది పోతుంది, ఓవర్‌రన్ జెండా లేస్తుంది. చిప్ ఆ సంగతి నిజాయితీగా చెబుతుంది. మనం అడగాలంతే.

ఈ ఇబ్బంది లేకుండా ఆర్డుయినో లైబ్రరీ ఇంటరప్ట్ వాడుతుంది, అంటే నడుస్తున్న పనిని క్షణం ఆపి వచ్చిన బైట్ సంగతి చూస్తుంది. బైట్ రాగానే దాన్ని తీసి 64 బైట్ల రింగ్ బఫర్‌లో, అంటే చివరికి చేరాక మళ్లీ మొదటి నుంచి నింపే నిల్వలో, వేస్తుంది. 9600 దగ్గర ఆ బఫర్ నిండడానికి సుమారు 65 మిల్లీసెకన్లు పడుతుంది. ఇప్పుడు మీ లూప్‌లో, అంటే ప్రోగ్రాం పదే పదే తిరిగే భాగంలో, డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ ఉందనుకోండి. 12 బిట్ల కొలతకు దానికి 750 మిల్లీసెకన్ల దాకా పట్టవచ్చు. కొలత పూర్తయ్యేదాకా మీ ప్రోగ్రాం నిలబడి చూస్తుంటే, ఆగకుండా డేటా పంపే పరికరం ఆలోపు 720 బైట్లు పంపేస్తుంది. బఫర్‌లో పట్టేది 63. ఒక చోటు ఖాళీగా ఉంచాలి కాబట్టి 64 కూడా పట్టవు. మిగిలినవి చప్పుడు లేకుండా పోతాయి. డిలే వెయ్యి, అంటే వెయ్యి మిల్లీసెకన్లు ఆగు, అని రాసిన ప్రతి చోటా జరిగేది ఇదే. ఈ జబ్బుకు మందు తెలిసిందే. లూప్‌లో ఎక్కడా నిలబడవద్దు. కొలత మొదలుపెట్టి ముందుకు వెళ్లండి, మిల్లిస్ (బోర్డు మొదలైనప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క) చూసుకుని సమయం అయ్యాక వచ్చి ఫలితం తీసుకోండి.

కానీ మన నాగావళి సెన్సర్ పంపేది సెకనుకు పది పన్నెండు బైట్లే. బఫర్ నిండే అవకాశమే లేదు. అయినా అంకె పోయింది. దీని దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే బఫర్ సైజును 64 నుంచి 256 చేసి, అప్పటికీ తగ్గలేదని తల పట్టుకుంటారు.

అదే బోర్డు మీద గాలి తేమ కోసం డీహెచ్‌టీ22 కూడా పెట్టారు. ఆ సెన్సర్ 40 బిట్లు పంపుతుంది. ప్రతి బిట్ సున్నానా ఒకటా అన్నది పల్స్ ఎన్ని మైక్రోసెకన్లు ఉందన్న దాన్ని బట్టి తెలుస్తుంది. ఆ కొలత చెడకుండా లైబ్రరీ ఇంటరప్ట్‌లను ఆపేస్తుంది. మొత్తం మీద నాలుగు మిల్లీసెకన్ల చిల్లర. ఆ కాసేపట్లో సీరియల్ లైను మీద నాలుగు బైట్లు రావచ్చు. ఇంటరప్ట్ పనిచేయడం లేదు కాబట్టి వాటిని బఫర్‌లో వేసేవాళ్లు లేరు. చిప్ మూడింటిని పట్టుకోగలదు, ఇంకొకటి వస్తే ఒకటి పోతుంది. పోయింది హార్డ్‌వేర్ గుమ్మంలోనే. లోపల మీ బఫర్ ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు. పైగా తేమ చదవడం, నీటిమట్టం లైను రావడం ఒకే క్షణంలో జరిగినప్పుడే ఇది బయటపడుతుంది. గంటల తరబడి బాగానే నడుస్తుంది, ఎప్పుడో ఒక అంకె ఎగిరిపోతుంది. రంగురంగుల ఎల్ఈడీ పట్టీలతోనూ ఇదే కథ. డబ్ల్యూఎస్2812 ఒక్కో ఎల్ఈడీకి 30 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. 150 ఎల్ఈడీలుంటే నాలుగున్నర మిల్లీసెకన్లు ఇంటరప్ట్‌లు ఉండవు.

అందుకే మీ ప్రోగ్రాంలో ఇంటరప్ట్‌లు అన్నిటికన్నా ఎక్కువసేపు ఎక్కడ ఆగుతున్నాయో ముందు కనుక్కోండి. ఆ సమయంలో ఎన్ని బైట్లు రాగలవో లెక్కవేయండి. రెండు దాటితే ఏదో ఒకటి మార్చాలి. సెన్సర్ లైను పూర్తిగా వచ్చిన వెంటనే, తర్వాతి లైను వచ్చేలోపు ఉన్న ఖాళీలో తేమ చదవవచ్చు. లేదా ఐ2సీ మీద, అంటే గడియారానికి వేరే తీగ ఉండే రెండు తీగల పద్ధతి మీద, నడిచే తేమ సెన్సర్ తీసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ సీరియల్‌ను, అంటే యూఆర్ట్ పనిని ప్రోగ్రాంతోనే చేయించడాన్ని, మాత్రం ఇలాంటి పనికి నేను ఒప్పుకోను. 9600 దగ్గర ఒక్కో బైట్ అందుకునేటప్పుడు అది దాదాపు ఒక మిల్లీసెకను ఇంటరప్ట్‌లను ఆపి కూర్చుంటుంది. రెండో సీరియల్ పోర్టు కావాలంటే నాలుగు హార్డ్‌వేర్ యూఆర్ట్‌లున్న ఆర్డుయినో మెగా తీసుకోండి. ఈఎస్పీ32లో మూడున్నాయి, అందుకోవడానికి ఒక్కోదానికి 128 బైట్ల హార్డ్‌వేర్ నిల్వ కూడా ఉంది.

ఇంటరప్ట్ రొటీన్ మీరే రాస్తే దాన్ని పొట్టిగా ఉంచండి. స్టేటస్ చదవాలి, బైట్ చదవాలి, రింగ్‌లో వేయాలి, బయటికి రావాలి. స్టేటస్ రిజిస్టర్‌ను డేటా రిజిస్టర్ కన్నా ముందు చదవాలి. డేటా చదివారంటే ఆ బైట్‌కు చెందిన ఎర్రర్ జెండాలు దానితోనే వెళ్లిపోతాయి. అక్కడ ప్రింట్ చేయడం, సంఖ్యగా మార్చడం ఏదీ వద్దు. రాసే చోటును ఇంటరప్ట్ మాత్రమే మార్చాలి, చదివే చోటును లూప్ మాత్రమే మార్చాలి. ఇద్దరూ చూసే వేరియబుల్స్ వోలటైల్ అయి ఉండాలి, అంటే ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కు చెప్పాలి. ఎనిమిది బిట్ల చిప్ మీద ఆ ఇండెక్స్ ఒక్క బైట్‌లో సరిపోయేలా చూసుకుంటే, సగం మారిన విలువను చదివే ప్రమాదం ఉండదు.

బాడ్ రేటు సంగతి కూడా చూద్దాం. మీ ల్యాబ్‌లోని 8051 కిట్ మీద గడియారం నడిపే క్రిస్టల్ చూడండి, 11.0592 మెగాహెర్ట్జ్ అని ఉంటుంది. దాన్ని 12తో, మళ్లీ 32తో భాగిస్తే 28,800 వస్తుంది. 3తో భాగిస్తే సరిగ్గా 9600. అదే 12 మెగాహెర్ట్జ్ పెడితే 10,417 వస్తుంది, అంటే 8.5 శాతం తేడా. రిసీవర్ స్టార్ట్ బిట్ దగ్గర గడియారం కలుపుకుని స్టాప్ బిట్ దాకా అదే లెక్కతో వెళుతుంది. రెండు వైపులా కలిపి రెండు శాతం లోపు తేడా ఉంటే భయం లేదు. 16 మెగాహెర్ట్జ్ ఊనోలో 9600, 38400 రెండూ 0.2 శాతం తేడాతో వస్తాయి. 115200 మాత్రం 2.1 శాతం తప్పుతుంది. బల్ల మీద పనిచేస్తుంది, అవతలి పరికరం గడియారం ఎదురు పక్కకు జరిగిందంటే దెబ్బతింటుంది. సెకనుకు ఒక లైను కోసం 115200 ఎందుకు? 9600 చాలు.

ఇక బైట్లు సరిగ్గానే అందుతున్నాయి అనుకుందాం. లైను ఎక్కడ మొదలైందో ఎలా తెలుస్తుంది? విజయనగరం స్టేషన్‌లో మైకు సగం నుంచి వింటే "ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీదకు వచ్చును" అన్నది మాత్రం చెవిన పడుతుంది. అది విశాఖ వైపు బండో, రాయ్‌పూర్ వైపు బండో తెలియదు. అప్పుడు ఎవరూ పరుగెత్తరు, మళ్లీ "దయచేసి వినండి" అనేదాకా ఆగుతారు. మీ ప్రోగ్రాం కూడా అలాగే ఆగాలి. జీపీఎస్ మాడ్యూల్ పంపే ఎన్ఎంఈఏ లైను చూడండి. డాలర్ గుర్తుతో మొదలవుతుంది, చివర నక్షత్రం గుర్తు, రెండు అంకెల చెక్‌సమ్ (లైనులోని అక్షరాల నుంచి లెక్కగట్టిన, సరిచూసుకునే సంఖ్య), ఆ తర్వాత లైను ముగింపు. మొత్తం 82 అక్షరాలు మించదు. డాలర్ రానంతవరకు వచ్చినదంతా పారేయాలి. మధ్యలో ఇంకో డాలర్ వస్తే పాతదంతా వదిలి మళ్లీ మొదలుపెట్టాలి. 82 దాటినా ముగింపు రాకపోతే ఆ లైను మొత్తం చెత్త, అందులో మంచి భాగం వెతకవద్దు.

చెక్‌సమ్ మీద చాలామందికి అవసరానికి మించిన నమ్మకం ఉంటుంది. ఎన్ఎంఈఏ వాడేది ఎక్స్‌ఆర్, అంటే రెండు బిట్లు ఒకేలా ఉంటే సున్నా, వేరైతే ఒకటి ఇచ్చే లెక్క. మన 3350లో ఒక్క 3 పోతే ఎక్స్‌ఆర్ మారుతుంది, పట్టుబడుతుంది. రెండు 3లూ పోతే? ఒకే అక్షరాన్ని రెండుసార్లు ఎక్స్‌ఆర్ చేస్తే సున్నా. అంటే ఆ రెండూ ఉన్నా, లేకపోయినా చెక్‌సమ్ ఒకటే. 50 మిల్లీమీటర్లు అన్న సంఖ్య దర్జాగా లోపలికి వచ్చేస్తుంది. రెండు అక్షరాలు తారుమారైనా ఎక్స్‌ఆర్‌కు తెలియదు. అందుకే ప్రొటోకాల్ (డేటా పంపే పద్ధతి) మీ చేతిలో ఉంటే పొడవు కూడా పంపండి, లేదా నీటిమట్టాన్ని ఎప్పుడూ ఐదు అంకెలుగా 03350 అని పంపండి. చెక్‌సమ్ బదులు సీఆర్‌సీ-16, అంటే అక్షరాల వరుసను కూడా లెక్కలోకి తీసుకునే 16 బిట్ల సంఖ్య, పెట్టండి. ఫ్యాక్టరీ పరికరాల ప్రొటోకాల్ మోడ్‌బస్ ఆర్టీయూ వాడేది దాన్నే. చిన్న చిప్ మీద కూడా అది బరువు కాదు. ప్రతి లైనుకూ ఒక వరుస సంఖ్య కలపండి. 41 తర్వాత 43 వస్తే ఒకటి పోయిందని వెంటనే తెలుస్తుంది.

సగం లైను వచ్చి ఆగిపోతే ఎంతసేపు చూడాలో కూడా ముందే నిర్ణయించుకోండి. ఇప్పటి మిల్లిస్ నుంచి మొదలైనప్పటి మిల్లిస్ తీసివేసి పోల్చండి, రెండూ అన్‌సైన్డ్ లాంగ్‌గా (మైనస్ లేని 32 బిట్ల సంఖ్యగా) ఉంచి. ఆ లెక్కింపు 49.7 రోజులకోసారి సున్నాకు వస్తుంది. జూన్‌లో పెట్టిన పరికరం అక్టోబర్ దాకా నడవాలంటే ఆ మలుపును దాటక తప్పదు. తీసివేతతో రాస్తే సాఫీగా దాటుతుంది, కూడి పోలిస్తే ఆ క్షణంలో తప్పు చేస్తుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున వంతెన దగ్గరికి వెళ్లి రీసెట్ నొక్కేవాళ్లు ఎవరూ ఉండరు. ప్రోగ్రాం తనంతట తాను మళ్లీ దారిలో పడాలి, ప్రోగ్రాం ఇరుక్కుపోతే బోర్డును రీసెట్ చేసే వాచ్‌డాగ్ టైమర్ కూడా ఉండాలి.

వైరింగ్ గురించి క్లుప్తంగా చెబుతాను. రెండు బోర్డులకూ గ్రౌండ్ కలపాలి. 5 వోల్టుల లైనును 3.3 వోల్టుల పిన్నుకు నేరుగా ఇవ్వకూడదు. కేబుల్ ఊడినప్పుడు ఆర్ఎక్స్ (డేటా అందుకునే) పిన్ను గాలిలో ఉంటే నాయిస్ కూడా స్టార్ట్ బిట్‌లా కనబడుతుంది, కాబట్టి పిన్నును హై స్థితిలో ఉంచే పుల్-అప్ రెసిస్టర్ పెట్టండి. వంతెన మీది నుంచి ఒడ్డున ఉన్న పెట్టె దాకా దూరం ఉంటే, రెండు తీగల మధ్య వోల్టేజి తేడాతో డేటా పంపే ఆర్ఎస్-485 వాడండి. మెలితిప్పిన జత వైరు, రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి.

చెడిపోయిన లైను వచ్చినప్పుడు పాత విలువనే కొత్తదిగా పంపడం నాకు అసలు నచ్చని అలవాటు. తెర మీద అంకె కదలకుండా బాగానే కనిపిస్తుంది, కానీ అది ఎప్పటిదో చూసేవాళ్లకు తెలియదు. విలువతో పాటు అది ఎన్ని సెకన్ల కిందటిదో పంపండి. ఓవర్‌రన్, ఫ్రేమింగ్ ఎర్రర్ (స్టాప్ బిట్ సరిగ్గా రాకపోవడం), సీఆర్‌సీ తప్పు, టైమౌట్, ఈ నాలుగింటికీ నాలుగు కౌంటర్లు పెట్టి వాటినీ పంపండి. ఆర్డుయినోలోని మామూలు సీరియల్ లైబ్రరీ ఓవర్‌రన్ జెండాను మీకు చూపించదు, ఆ కౌంటర్ కావాలంటే ఇంటరప్ట్ రొటీన్ మీరే రాయాలి. రాయండి, ఒక పేజీ కూడా ఉండదు.

మధ్యాహ్నం ల్యాబ్‌లో ఒక బోర్డును పంపేదిగా, ఇంకోదాన్ని అందుకునేదిగా పెడదాం. పంపే బోర్డు కావాలనే సగం లైన్లు, తప్పు సీఆర్‌సీలు, రెండు 3లు ఎగిరిపోయిన లైన్లు పంపుతుంది. మధ్యలో వైరు పీకి మళ్లీ పెడదాం. డీహెచ్‌టీ22ను కూడా కలిపి నడుపుదాం. పంపినవి ఎన్ని, అందినవి ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని, ఈ లెక్క కుదిరేదాకా నేను ఇక్కడే ఉంటాను.